నేల గీత

మా ఆయన జయచంద్ర చెయ్యి చెక్క కోసే కట్టర్ కింద పడిన రోజు నేను చెనక్కాయల మిల్లులో పుచ్చు గింజలు ఏరుతున్నాను. ఉగాది వెళ్లి ఎన్నాళ్లో కాలేదు గానీ ఎండలు అప్పటికే ముదిరాయి. మిల్లు రేకుల కింద కూర్చుంటే నెత్తిమీద కాలిన పెనం పెట్టినట్టుండేది. అప్పుడు ఎర్రిస్వామన్న ఫోన్ చేశాడు. ఊరి చుట్టూ కొత్తగా లేస్తున్న ఇళ్లకు మాడ్యులర్ కిచెన్లు ఒప్పుకొని మా ఆయనలాంటి ఫిట్టర్లతో చేయించే మనిషి ఆయన.

"కృపమ్మా, యాడుండావు? ఉన్నపళంగా ఆస్పత్రికి రామ్మా. జయచంద్రకు చేతికి తగిలింది."

"ఎంత తగిలిందన్నా?"

"నువ్వు ముందు రా."

ఎంతో చెప్పలేదంటేనే నాకు అర్థమైపోయింది.

కుడిచేతి బొటనవేలు మొదలంటా పోయింది. చూపుడువేలు సగానికి పోయింది. తెగిన బొటనవేలిని ఎవరో తువ్వాలలో చుట్టి తెచ్చారు. వెంటనే బెంగళూరు తీసుకుపోతే ప్రయత్నం చేస్తారేమో, అతుకుతుందని మాత్రం చెప్పలేనన్నాడు డాక్టరు. నేను ఎర్రిస్వామన్న ముఖం చూశాను. ఆయన గోడ చూశాడు. మంచం మీద నుంచి జయచంద్రే అన్నాడు, "యాడికీ వద్దు. కుట్టేయమను." ఒళ్లంతా రంపపు పొట్టు అట్లే ఉంది, కనురెప్పల మీద కూడా.

కిచెన్ కింది పెట్టెలు నేలకు ఆనవు. నాలుగంగుళాల ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబడతాయి. ఆ కాళ్లు కనబడకుండా ముందు ఒక సన్నపు పలక అడ్డం వేస్తారు. దాన్ని స్కర్టింగ్ అంటారు. పెట్టె ముఖం కన్నా కాస్త లోపలికి వేస్తే, గట్టు ముందు నిలబడినప్పుడు కాలివేళ్లు ఆ సందులోకి పోతాయి, నడుం వంచకుండా పని చేసుకోవచ్చు. ఇల్లు చూడవచ్చిన వాళ్లెవరూ దానివైపు చూడరు. అది లేకపోతే మాత్రం ఎలుకలు, తేళ్లు, రాలిన మెతుకులు అన్నీ ఆ కిందికే చేరతాయి. ఆ సన్నపు పట్టీ కోయడమే ప్రమాదం. పెద్ద ప్లై షీటయితే తన బరువుకు తాను కదలకుండా పడి ఉంటుంది. పట్టీ అలా కాదు, బ్లేడు పట్టిందంటే ఎగిరి పడుతుంది. బల్లకు బిగించి కోయాలని అందరికీ చెప్పేవాడు ఆయనే. ఆ రోజు బిగించలేదు. ఒక్క కోతే కదా అనుకున్నాడట.

ఇంటికి వచ్చాక ఆయన మొదట మానేసింది అందరితో కూర్చుని తినడం. ఎడమచేత్తో కలుపుకుంటే అన్నం కంచం అవతలకు పోయేది. మా అమ్మాయి అంజలి తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లోనే ఉంది. "నాయనా, నేను కలిపి పెట్టనా?" అని దగ్గరకు జరిగితే కంచం అటువైపు తిప్పుకున్నాడు. పిల్ల మళ్లీ అడగలేదు. తర్వాత తర్వాత అందరం తిన్నాక, మా అత్త ఓబమ్మ గిన్నెలో కలిపి తెచ్చి గోడ వైపు కూర్చోబెట్టి ముద్దలు పెట్టేది. ఆ సమయంలో నేనూ అంజలీ నీళ్ల ట్యాంకరు వచ్చిందేమో చూసే వంకతో బయటికి వెళ్లేవాళ్లం.

కట్టు విప్పిన వారంలోనే ఎర్రిస్వామన్న వచ్చాడు. మంచం పట్టె మీద కూర్చుని చాలాసేపు ఎండల సంగతి మాట్లాడాడు.

"విషయమేందో చెప్పన్నా," అన్నాడు మా ఆయన.

"అదేప్పా, ఆ కళ్యాణదుర్గం రోడ్డు ఇంటోళ్లు. అంతా అయిపోయె, ఆ స్కర్టింగ్ ఒకటే నిలిచిపోయె. దినామూ ఫోన్ చేస్తాండారు. గృహప్రవేశం దగ్గరకొచ్చింది. మన పిల్లోల్లంతా బెంగుళూరు పనులకు పోయిరి. ఎవురన్నా తెలిసినోల్లుంటే చెప్పు."

అది ఆయన వేళ్లు పోయిన ఇల్లే.

"నేనే ఏసొస్తా."

"ఆ చేత్తోనా?"

"ఇంగో చెయ్యి ఉండాది గదా. కృప పట్టుకుంటాది."

మా అత్త వాకిట్లో నుంచే అందుకుంది. "అదేం పట్టుకుంటాదిరా? మొగోల్ల పని అది."

"టేపు కొస పట్టుకుంటాది మా. దానికి మొగోడే కావల్నా?"

బండి నడపాలంటే కుడిచేత్తో యాక్సిలరేటరు తిప్పాలి కాబట్టి అది గోడవార దుమ్ము పట్టి ఉంది. షేర్ ఆటోలో వెళ్లాం. ఆయన ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నేను వెనక పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ ఇంటి వాకిట్లో బండ మీద ఎంత కడిగినా పోని ఒక మరక ఉంది. ఆయన దాని మీదుగానే నడిచి లోపలికి వెళ్లాడు. నేను పక్కకు తొలగి వెళ్లాను.

ఎడమచేత్తో డ్రిల్లు పట్టి మొదటి స్క్రూ బిగించబోయాడు. బిట్టు జారింది. పెట్టె తలుపు మీది కొత్త మైకా మీద తెల్లటి గీత పడింది, జానెడు పొడుగున. ఆయన దాన్ని కాసేపు చూశాడు. డ్రిల్లు నేల మీద పెట్టి, కాలితో నావైపు తోశాడు.

"పట్టు," అన్నాడు.

"నేనా?"

"ఇంగెవురుండారు ఈడ? బోర్లా పండుకో. చెంప నేలకు ఆనిచ్చు. ఇప్పుడు సూడు, నేల సమంగా ఉండాదా?"

టైలు చల్లగా తగిలింది. అంత ఎండలో ఆ చల్లదనం హాయిగా అనిపించి, అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాను. పెట్టెల కింద చీకట్లో కాళ్ల వరస కనబడింది. "లేదు. ఆ మూల లేచిండాది," అన్నాను.

"యా నేలా సమంగా ఉండదు. పట్టీ తిన్నగా కోసి పెడితే ఒకపక్క సందు, ఒకపక్క బిగుతు. అందుకే నేల గీత తీయల్ల."

పట్టీని కాళ్ల ముందు నిలబెట్టించాడు. చిన్న ప్లై ముక్క మీద పెన్సిలు ఆనించి, ముక్కను నేల మీదనే జరుపుకుంటూ పొమ్మన్నాడు. నేల ఎక్కడ లేస్తే పెన్సిలు అక్కడ లేచింది, ఎక్కడ దిగితే అక్కడ దిగింది. కంటికి సమంగా కనిపించే నేలలో ఇన్ని ఎత్తుపల్లాలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. ఆ గీత వెంబడి కోస్తే పలక నేలకు అతికినట్టు కూర్చుంటుంది.

కోయాలంటే కట్టర్ పట్టుకోవాలి. అదే కట్టర్. ఎవరో శుభ్రంగా తుడిచి సంచిలో పెట్టారు. నా చేతులు దాని మీదికి పోలేదు. ఆయన పట్టీని బల్లకు ఎడమచేత్తో, మోకాలితో అదిమి బిగించాడు. లాగి చూశాడు. మళ్లీ బిగించాడు.

"రెండు చేతులూ మిషన్ మీదనే ఉండల్ల. పట్టీ మీద వేలు పెట్టినావంటే కరెంటు తీసేస్తా," అని స్విచ్చు దగ్గర నిలబడ్డాడు.

మొదటి పట్టీ పాడుచేశాను. గీత లోపలికి పోయింది బ్లేడు. "కండ్లు యాడ పెట్టుకున్న్యావే?" అని అరిచాడు. ఆ ఖాళీ ఇంట్లో అరుపు గోడలకు తగిలి తిరిగొచ్చింది. రెండోది కుదిరింది. వెనక క్లిప్పులు బిగించి, కాళ్లకు ఎదురుగా పెట్టి అరచేత్తో నెడితే టక్కుమని పట్టుకుంది. నేలను కడిగిన నీళ్లు తాగి ప్లై ఉబ్బకుండా అడుగున సిలికాన్ జిగురు గీయించి, తడివేలితో లాగించాడు. ఆఖర్న టార్చి తీసుకుని ఆయన కూడా నా పక్కన బోర్లా పడుకున్నాడు, వెలుతురు ఎక్కడైనా కిందికి జారుతుందేమో చూడ్డానికి. ఇద్దరి చెంపలూ నేలకు ఆని ఉన్నాయి. చెయ్యి పోయాక ఆయన నాకంత దగ్గరగా రావడం అదే మొదలు. ఊపిరి తగులుతోంది. బాగుందని అంటాడేమోనని చూశాను.

"లెయ్, పోదాం," అన్నాడు.

ఎర్రిస్వామన్న వచ్చి చూసుకున్నాడు. గీత పడిన తలుపు మార్పించి, మమ్మల్ని ఇంకో ఇంటికి పంపాడు. తర్వాత ఇంకొకటి. ఆ వేసవంతా ఊళ్లో ముహూర్తాలే. ఫిట్టర్లు లేరు. నేను మిల్లు మానేశాను. ముందు స్కర్టింగులే చేశాను, తర్వాత తలుపులకు బందులు, ఆపైన డ్రాయర్లు. ఆయన చెప్తాడు, నేను చేస్తాను. ఇళ్ల ఆడవాళ్లకు నేను వంటింట్లో ఉండటం నచ్చింది. కొలతలు తీస్తుంటే పక్కన నిలబడి, గట్టు ఇంత ఎత్తు ఉంటే భుజం నొప్పి పుడుతుందా అని నన్నే అడిగేవారు. నేను ఆయన వైపు చూసేదాన్ని. ఆయన చెప్పిన జవాబు నేను చెప్పేదాన్ని. కొన్నాళ్లకు ఆయన వైపు చూడకుండానే చెప్పాను. ఎప్పటినుంచో నాకే తెలియదు.

ఎర్రిస్వామన్న నా ఫోనుకే చేయడం మొదలుపెట్టాడు.

"ఆయనకు చెప్పన్నా," అంటే, "నీకు చెప్తే ఆయప్పకు చెప్పినట్లే గదమ్మా," అనేవాడు.

ఇంట్లో మా అత్త సణుగుడు ఆగలేదు. "పరాయోల్ల ఇండ్లల్లో బోర్లా పండుకునేది ఏం పనే? సూసినోల్లు ఏమనుకుంటారు?" ఆయన ఆమెను గదిమేవాడు. రానురాను గదమడం మానేసి ఊరికే వినేవాడు. ఒకరోజు అంజలి నా ఫోనులోని కిచెన్ ఫోటోలు పక్కింటి పిల్లకు చూపిస్తూ, "ఇదంతా మాయమ్మ చేసిందే," అంది. ఆయన అరుగు మీదే ఉన్నాడు. లేచి వీధి చివరి దాకా పోయి చాలాసేపటికి వచ్చాడు.

వేసవి చివర్లో రాప్తాడు వైపు ఒక ఇల్లు. గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన ఆయనది. ఉద్యోగమంతా క్వార్టర్సులోనే గడిపి, ఇన్నాళ్లకు సొంతానికి కట్టుకున్నాడు. భార్య నెమ్మదస్తురాలు. తెల్లారితే గృహప్రవేశం. వాకిట్లో షామియానా కడుతున్నారు. పాలు పొంగించాక ఆ వంటింట్లోకి మమ్మల్ని ఎవరూ రానివ్వరు, అది అందరికీ తెలిసిందే. తప్పేదైనా ఉంటే ఆలోపే దిద్దుకోవాలి. మధ్య పెట్టెల వరసకు వేసే పట్టీ ఒక్కటే మిగిలింది. దాని మైకా బెంగళూరు నుంచి తెప్పించిన రంగు. కోయడానికి ఉన్నది ఒక్క పొడుగు ముక్క. అది చెడితే ఊళ్లో ఇంకెక్కడా దొరకదు.

ఆమె టీ తెచ్చింది. మొదటి గ్లాసు నాకిచ్చింది.

"మేస్త్రమ్మా, నీ హెల్పరు చక్కెర తక్కువ తాగుతాడా, ఎక్కువా?"

నా చేతిలో గ్లాసు అట్లే ఆగిపోయింది. "ఆయన మా ఇంటాయనమ్మా. మేస్త్రి ఆయనే. నేను ఆయన కాడ నేర్చుకున్న్యా."

"అయ్యో, ఏమనుకోవద్దప్పా, నాకు తెలీదు," అందామె నొచ్చుకుని.

"దాంట్లో ఏముందిలేమ్మా. హెల్పర్‌నే," అని ఆయన నవ్వాడు. ఎడమచేత్తో గ్లాసు అందుకుని, వేడివేడి టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

తర్వాత కొలత తీశాం. నేను ఈ చివర పడుకుని టేపు కొస పట్టుకున్నాను. ఆయన ఆ చివర కూర్చుని చదివాడు.

"ఐదడుగుల తొమ్మిది."

గోడ మీద పెన్సిలుతో రాసుకున్నాను. పట్టీ వాకిట్లోకి తెచ్చి బల్లకు బిగించాను. కొలిచి గీత గీశాను. కట్టర్ చేతిలోకి తీసుకున్నాక ఏదో అడ్డుపడింది. లోపల నేల మీద చెంప ఆనించినప్పుడు చూసిన టైళ్లు కళ్లముందుకు వచ్చాయి. ఒక్కో టైలు రెండడుగులు. పెట్టెల వరస మూడు టైళ్ల నిండా ఉంది, మూడో దాని అంచుకు సరిగ్గా ఆగింది. అంటే ఆరడుగులు.

మూడంగుళాలు తక్కువ. పెళ్లికి ముందు నుంచీ టేపు చదువుతున్న మనిషి. చీకట్లో తడిమి చెప్పినా పావంగుళం తేడా రాదు ఆయనకు.

కట్టర్ కింద పెట్టి లోపలికి వెళ్లాను. ఆయన ఇంకా అక్కడే, పెట్టెకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడంతో, పొరపాటేమోనని నాకు మిగిలిన ఆ కాస్త అనుమానం కూడా పోయింది.

ఏం చేయాలో తోచలేదు. అరవాలనిపించింది. వెనక గదిలో ఆమె ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది, మేస్త్రమ్మ పని చాలా నీటుగా ఉందని.

"ఈడ వెలుతురు సరిగా పడల్యా అంజలి నాయనా," అన్నాను. "మళ్లా ఒకసారి కొలుద్దాం."

ఆయన టేపు నావైపు జరిపాడు. "నువ్వే కొల్చుకో ఇంగ," అన్నాడు. లేచి బయటికి వెళ్లి, షామియానా అవతల మిగిలిపోయిన గ్రానైటు ముక్కల మీద ఎండలోనే కూర్చున్నాడు.

టేపు కొసను పెట్టె అంచుకు తగిలించి, జారకుండా ఇటుక ముక్క అడ్డం పెట్టి ఒక్కదాన్నే కొలిచాను. ఆరడుగులు. గీత మార్చాను. బిగింపు లాగి చూసుకున్నాను. స్విచ్చు దగ్గర ఎవరూ లేరు. నేనే వేసుకున్నాను, నేనే కోసుకున్నాను. పట్టీ లోపల పెట్టి నెడితే క్లిప్పులన్నీ ఒక్కసారే పట్టుకున్నాయి. అడుగున సిలికాన్ గీస్తున్నప్పుడు కళ్ల వెంట నీళ్లు కారాయి. ముఖం నేలకు ఆని ఉంది కాబట్టి ఎవరికీ కనబడలేదు. కొంగుతో టైలు తుడిచాను.

ఆటోలో ఆయన ముందు, నేను వెనక. మర్నాడు పొద్దున సంచి సర్దుతుంటే, "నువ్వు పోయిరా," అన్నాడు మంచం మీద నుంచి. మా అత్త ఏదో అనబోయి ఆయన ముఖం చూసి వాకిట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆయన రాలేదు. ట్యాంకరు నీళ్లు పట్టేవాడు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేవాడు. ఎడమచేత్తో తినడం అలవాటయింది, అందరిముందూ కూర్చునేవాడు. సాయంత్రం నేను వస్తే గ్లాసుడు నీళ్లు ఇచ్చేవాడు. పని ఎట్లా జరిగిందని అడిగేవాడు కాదు. నేను చెప్పేదాన్ని కాదు. రాత్రిళ్లు అరుగు మీదే పడుకునేవాడు, లోపల ఉక్కపోత అనేవాడు. మృగశిరలో రెండు వానలు పడి గాలి చల్లబడింది. అప్పుడూ లోపలికి రాలేదు. ఊరి బయట చేలల్లో విత్తనాలు వేసినవాళ్లంతా మొలక చూసి మబ్బు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. మబ్బు మళ్లీ రాలేదు.

ఒక ఆదివారం నేనూ అంజలీ అత్తా చర్చి నుంచి వచ్చేసరికి అన్నం వండి, పప్పు తాలింపు పెట్టి ఉంచాడు. వాళ్లిద్దరూ తిని లేచాక మేమిద్దరం మిగిలాం.

"గిరి ఫోన్ చేసినాడు," అన్నాడు. గిరి ఆయన చిన్నాన్న కొడుకు, బెంగళూరులో ఉంటాడు. "అపార్టుమెంటు గేటు కాడ పని ఉండాదంట. రేపే రమ్మన్నాడు. గేటు తీసేకి ఒక చెయ్యి చాలు."

"ఈడ లేదా పని?" అన్నాను. ఏ పనో నాకే తెలియలేదు.

ఆయన కంచంలో అన్నం ఒక పక్కకు తోశాడు. "ఆ రైల్వే ఆయప్ప ఇంట్లో కొలత," అన్నాడు. "నాకు సరిగ్గానే కనపడింది."

"తెలుసు."

తలెత్తి చూశాడు. నాకు తెలుసని ఆయనకూ తెలిసే ఉంటుంది. అయినా నా నోటి నుంచి వినేసరికి ముఖం పాలిపోయింది.

"తెలిసీ అడగల్యా?"

"అడిగితే ఏం చెప్పేవానివి?"

బయట అంజలి ఎవరితోనో నవ్వుతోంది. మా అత్త దాన్ని లోపలికి రమ్మని పిలుస్తోంది.

"కోపం రాల్యా నీకు?" అన్నాడు.

"వచ్చింది."

"మరి?"

"ఉండింది ఒకటే పట్టీ," అన్నాను. "తెల్లారితే వాళ్లు పాలు పొంగించల్ల. దాన్ని కొయ్యల్ల గదా ముందు."

ఆయన కంచంలో మిగిలింది తిన్నాడు, ఒక్క మెతుకు వదలకుండా. నా కంచం కూడా తీసుకుని రెండూ కడిగి తెచ్చి గోడకు ఆనించాడు.

సోమవారం పొద్దున బస్సుకు అంజలి ఆయన వెంట బస్టాండు దాకా వెళ్లింది. నేను వెళ్లలేదు. గుత్తి రోడ్డులో ఒక ఇంటికి బుధవారమే ముహూర్తం, కింది పెట్టెలన్నీ ఇంకా పట్టీల్లేక కాళ్ల మీదే నిలబడి ఉన్నాయి.